దేశపటములలో రంగులు: తెలిసినదియు, తెలియనిదియు

దేశపటమనగా భూమి యొక్క చిత్రమని మన పిల్లలు చిన్న తరగతులలోనే నేర్చుకొందురు. ఈ నిర్వచనము తప్పు కాదు గాని, పూర్తియైనది కాదు. పటము భూమిని గూర్చి మనుష్యులు తెలిసికొనిన సంగతుల చిత్రము. ఆ సంగతులలో కొన్ని గొలుసు పఱచి కొలిచినవి. కొన్ని దూరమునుండి చూచి అంచనా వేసినవి. మఱికొన్ని దారిన పోవువారి నడిగి వ్రాసికొన్నవి. న్యాయస్థానమున సాక్షులు చెప్పు మాటలన్నిటికిని న్యాయాధిపతి ఒకే విలువ నీయడు. కన్నవాని మాట వేఱు, విన్నవాని మాట వేఱు. అయితే పటముమీద అన్నియు ఒకే సిరాతో అచ్చుపడినప్పుడు, కన్నదియు విన్నదియు ఒకే రూపము ధరించి మన యెదుట నిలుచును. ఈ చిక్కును రంగుల సహాయముతో ఎట్లు తీర్పవచ్చునో మన ప్రాంతపు ఉదాహరణములతో విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

లేని కొండలు

ఈ చిక్కు ఎంత పెద్దదో తెలియుటకు ఒక్క చరిత్ర చాలును. జేమ్స్ రెన్నెల్ బెంగాలు దేశమునకు సర్వేయరు జనరలుగా నుండి, 1782లో హిందూస్థానపు పటమును ప్రకటించిన గొప్ప విద్వాంసుడు. ఆయన 1798లో, మంగో పార్కు అను యాత్రికుడు తెచ్చిన వార్తల ననుసరించి, పశ్చిమాఫ్రికాకు ఒక పటము గీసెను. అందులో కాంగ్ పర్వతములను పేర ఒక పొడవైన కొండల వరుస కానవచ్చును. నిజమునకు అచ్చట అట్టి శ్రేణి లేదు. అయినను రెన్నెల్ పేరునందలి గౌరవముచేత తరువాతి పటకర్తలు దానిని చూచి చూచి మరల వ్రాసిరి. సుమారు 90 సంవత్సరములు ఆ లేని కొండలు అట్లసులలో నిలిచినవి. బింజే అను ఫ్రెంచి సైనికాధికారి ఆ దేశమున నడచి వచ్చి, 1889లో ఆ శ్రేణి లేదని తెలిపిన పిమ్మటనే అవి క్రమముగా అంతరించెను.

దీనికి ప్రతిగా మఱియొక మార్గము కలదు. 1749లో దాన్‌విల్ అను ఫ్రెంచి పటకర్త తన ఆఫ్రికా పటములో, నమ్మదగిన ఆధారము లేని కొండలను, నదులను తీసివేసి, ఆ భాగమును ఖాళీగా విడిచెను. అంతకు ముందు పటములు నిండుగా నుండెడివి. ఇది వెలితిగా నుండెను. కాని ఆ వెలితియే నిజము. తెల్లని చోటు చూచిన వానికి, "ఇచ్చటికి పోయి చూడవలయును" అను బుద్ధి పుట్టును. కల్పిత పర్వతమును చూచిన వానికి ఆ బుద్ధి పుట్టదు. రెన్నెల్ తాను వినిన దానిని వినిన దానివలెనే, లేతరంగుతోనో తెగిన గీతలతోనో చూపి యుండినచో, తరువాతి వారు దానిని నిజమని నమ్మి మోసపోకుందురు.

మన సర్వే షీటు చెప్పునది

భారత సర్వే శాఖ 1767లో స్థాపింపబడినది. 1802లో లాంబ్టన్ మద్రాసు సమీపమున ఆధారరేఖను కొలిచి, త్రిభుజములను ఒకదానిపై నొకటి కట్టుకొనుచు దేశమును కొలుచు మహాకార్యము నారంభించెను. ఆ కొలతల మీద నిర్మింపబడిన షీటు నొకదానిని తెచ్చి పరిశీలించిన యెడల, రంగులు ఎంత జాగ్రత్తతో వాడబడినవో తెలియును. కొండల యెత్తును చూపు సమోన్నత రేఖలు గోధుమరంగు, చెట్లును తోటలును ఆకుపచ్చ, సేద్యపు భూమి పసుపు, ఊళ్లును రోడ్లును ఎఱుపు, నీరు నీలము.

విద్యార్థులు ముఖ్యముగా గమనింపవలసినది చెఱువుల సంగతి. ఏడాది పొడుగున నీరు నిలుచు చెఱువు నీలముతో నింపబడి యుండును. వేసవిలో ఎండిపోవు చెఱువునకు గట్టు మాత్రమే నల్లని గీతతో చూపబడును. అట్లే నీరు పాఱు కాలువ నీలము, ఇసుక మేటతో నెండియుండు వాగు నలుపు. దారి స్పష్టముగా నేర్పడని వాగు తెగిన గీతలతో నుండును. త్రిభుజముల లెక్కతో తేలిన యెత్తునకు ఒక గుఱుతు, అంచనాగా వేసిన యెత్తునకు మఱియొక గుఱుతు కలవు. ఇట్లు షీటు తనకు గట్టిగా తెలిసినదేదో, సుమారుగా తెలిసినదేదో తానే ఒప్పుకొనుచున్నది. గుఱుతుల పట్టికను చదువక పటమును చదువువాడు ఈ ఒప్పుకోలును వినడు.

అయినను షీటు చెప్పలేని దొకటి కలదు. అది కాలము. ఆగిరిపల్లి శోభనాచలము నేడును రేపును అచ్చటనే యుండును. కాని చెఱువులోని నీరు అట్లు కాదు. షీటుమీద నీలముగా నున్న చెఱువు ఈ యేటి కఱవులో బీటలు తీయవచ్చును. ఆకుపచ్చగా నున్న మామిడితోట నేడు ఆయిల్‌పామ్ తోట కావచ్చును. 2022 ఏప్రిల్ 4వ తేదీకి ముందు అచ్చయిన పటములో ఆగిరిపల్లి కృష్ణా జిల్లాలో నుండును. నాడు జరిగిన జిల్లాల విభజనతో అది ఏలూరు జిల్లాలో చేర్చబడెను. పటము అబద్ధమాడలేదు, దాని కాలము గడచినది. కాబట్టి అంచున వ్రాసిన సర్వే సంవత్సరము పటములో మొదట చదువదగినది.

రంగునకు గల మూడు గుణములు

రంగును సాధనముగా వాడవలెనన్న దాని స్వభావ మెఱుగవలయును. ఆల్బర్ట్ మన్సెల్ అను అమెరికా చిత్రలేఖనోపాధ్యాయుడు 1905లో ప్రకటించిన గ్రంథమున, ప్రతి రంగునకును మూడు గుణములు కలవని వివరించెను. మన తోటలలోనే ఈ మూడింటిని చూడవచ్చును. పచ్చికాయ ఆకుపచ్చగాను, మాగిన బంగినపల్లి పసుపుగాను నుండుట వర్ణభేదము. ఒకే కొమ్మమీది లేతాకునకును ముదురాకునకును గల తేడా లేత, ముదురు అను భేదము. కొత్తచీరకును, అదే చీర పదిమార్లు చాకిరేవున కుతికిన తరువాత వెలసిన రూపమునకును గల తేడా స్వచ్ఛతాభేదము.

ఈ మూడును మూడు వేఱు పనులకు తగినవి. జాక్ బెర్తాన్ అను ఫ్రెంచి పండితుడు 1967లో ఈ విషయమును శాస్త్రముగా నిరూపించెను. ఎఱుపు ఎక్కువా, నీలము ఎక్కువా యని యడిగిన ఎవరును చెప్పజాలరు. కాబట్టి వర్ణభేదము జాతిభేదమును చూపుటకే తగును: ఇది మామిడి, ఇది వరి, ఇది అడవి యని. లేత నీలముకంటె ముదురు నీలము ఎక్కువని పసిబిడ్డయైనను చెప్పును. కాబట్టి ఆ భేదము పరిమాణమును చూపుటకు తగును.

మఱి సందేహమును దేనితో చూపవలయును? అమెరికా భూగోళశాస్త్రజ్ఞుడు అలెన్ మకేక్రన్ 1992లో, వెలసిన రంగు సందేహమునకును, నిండైన రంగు నిశ్చయమునకును తగునని సూచించెను. వినుటకిది సహజముగా నున్నది. కాని ఆయనయు, సహచరులును 2012లో ప్రకటించిన పరీక్షలలో, మసకబాఱిన అంచులును, లేత-ముదురు భేదమును చూపరులకు సులువుగా బోధపడినవనియు, వెలసిన రంగు తలచినంతగా పని చేయలేదనియు తేలెను. తన సూచనను తానే పరీక్షకు పెట్టి, ఫలితమును దాచక చెప్పుట శాస్త్రజ్ఞుని లక్షణము. 2018లో మఱి ముగ్గురు పండితులు ఇంకొక యుక్తిని ప్రకటించిరి. సంగతి నిశ్చయముగా తెలిసినచోట అనేక రంగులు వాడుదురు. సందేహము పెరిగిన కొలది రంగులను ఒకదానిలో నొకటి కలుపుచు తగ్గింతురు. ఏమియు తెలియనిచోట ఒక్క బూడిదరంగు మాత్రమే మిగులును. సన్నని భేదములు తెలియనివాడు సన్నని భేదములు చెప్పరాదనుటయే దీని సారము.

వానపటమును చదువు విధము

భారత వాతావరణ శాఖవారు ప్రకటించు వర్షపాత పటములు ఇప్పుడు పత్రికలలోను, చేతిలోని ఫోనులలోను అందఱికిని కనబడుచున్నవి. ఒక జిల్లాలో నొక కాలమునకు సాధారణముగా 100 మిల్లీమీటర్ల వాన పడవలెననుకొందము. 81 మొదలు 119 వఱకు పడిన దానిని సాధారణమందురు, రంగు ఆకుపచ్చ. 120 మొదలు 159 వఱకు అధికము. 160 గాని అంతకు మించి గాని పడిన అత్యధికము. ఇవి రెండును నీలములు. 80 నుండి 41 వఱకు పడినచో లోటు, రంగు ఎఱుపు. 40 గాని అంతకు తక్కువ గాని పడినచో తీవ్రమైన లోటు. దాని రంగు పసుపు. బొత్తిగా వాన లేనిచో తెలుపు.

ఇచ్చట తెలియనివారు పొరబడుటకు చోటున్నది. ఎఱుపే అన్నిటికంటె ప్రమాదమని మనకు అలవాటు. కాని ఈ పటములో పసుపు జిల్లా ఎఱుపు జిల్లాకంటె ఎక్కువ కఱవులో నున్నది. రంగు తనంతట తాను అర్థము చెప్పదు. పట్టికతో కలిసియే చెప్పును. రెండవది: జిల్లా కంతటికిని ఒకే రంగు వేసినంత మాత్రాన ప్రతి గ్రామమునను అంతే పడినదని కాదు. ఆ రంగు కొన్ని వానకొలతల సగటు. మెరకపొలము ఎండుచుండగా పది మైళ్ల దూరమున వాగు పొంగవచ్చును. మూడవది: "వాన లేదు" అనుటయు, "లెక్క లేదు" అనుటయు వేఱు వేఱు సంగతులు. కొలిచి సున్న యని వ్రాయుట జ్ఞానము. కొలువక విడుచుట అజ్ఞానము. ఈ రెంటికిని ఒకే తెల్లరంగు వేసిన పటము అజ్ఞానమును జ్ఞానముగా నమ్మించును.

తుఫాను దారి

ఈ పాఠములో ప్రాణములతో ముడిపడిన భాగమిది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించిరి. ఆ దుఃఖము మన పెద్దల జ్ఞాపకములలో నింకను ఆఱలేదు. అప్పటినుండి తుఫాను హెచ్చరికలు చాల మెఱుగుపడినవి. 2009 నుండి వాతావరణ శాఖవారు తుఫాను పటములో రానున్న దారిని ఒక గీతగా మాత్రమే గాక, దాని కిరుప్రక్కల నానాటికి వెడల్పగుచు పోవు ఒక విసనకఱ్ఱ వంటి ఆకారమును కూడ చూపుచున్నారు. దీనిని అనిశ్చయ శంకువు అనవచ్చును. రేపటి చోటు ఇంచుమించుగా తెలియును. ఎల్లుండి చోటు అంతకంటె తక్కువగా తెలియును. కాబట్టియే ఆకారము పోనుపోను విశాలమగును.

దీనిని చదువుటలో జనులు చేయు పొరపాట్లు మూడు. మొదటిది, నడిమి గీతను మాత్రమే చూచి, "మన ఊరు గీత మీద లేదు, మనకు భయము లేదు" అనుకొనుట. తుఫాను కన్ను ఆ విశాలమైన చోటులో ఎచ్చటనైనను పోవచ్చును. రెండవది, శంకువు వెడల్పే తుఫాను వెడల్పని తలచుట. శంకువు తుఫాను నడిబొడ్డు ఎచ్చటికి పోవచ్చునో చెప్పును. గాలివానలు దాని యంచులు దాటి బహుదూరము వ్యాపించును. మూడవది, శంకువు వెలుపల నున్నవారు పూర్తిగా క్షేమమని నమ్ముట. అమెరికా దేశపు హరికేను కేంద్రమువారు గడచిన ఐదేండ్లలో తమ అంచనాలు ఎంతెంత తప్పెనో లెక్కించి, మూడింట రెండు వంతులు తుఫాను నడిబొడ్డు లోపలనే యుండునట్లు తమ శంకువును గీయుదురు. అనగా మూడింట నొక వంతు అది వెలుపలికి పోవచ్చునన్నమాట. వారి పటములో మొదటి మూడు దినముల భాగము నిండు తెలుపుగాను, నాలుగైదు దినముల భాగము చుక్కలుగాను నుండును. తెలిసిన కొలదికి రంగును, తెలియని కొలదికి చుక్కలును వాడుట చూడుడు.

తుఫాను బలము కూడ మాఱుచుండును. 2013 నవంబరులో లెహర్ అను తుఫాను బంగాళాఖాతమున అతి తీవ్రరూపము దాల్చి, మన తీరమును భయపెట్టి, సముద్రములోనే నీరసించి, 28వ తేదీన మచిలీపట్టణము సమీపమున ఒట్టి వాయుగుండముగా తీరము చేరెను. అప్పుడు ఇండ్లు విడిచి పోయినవారు, "అనవసరముగా మమ్ము కదిపిరి" అనుట న్యాయము కాదు. మఱుసటి సంవత్సరము అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమును విధ్వంసము చేసెను. ముందుగా ఈ రెంటిలో ఏది యేదో ఎవరును నిశ్చయముగా చెప్పజాలరు. పది హెచ్చరికలలో కొన్ని తప్పినను, తప్పనిదాని కొఱకు అన్నిటిని మన్నింపవలయును.

వాతావరణ శాఖవారి నాలుగు రంగుల హెచ్చరికకును ఇదియే యాధారము. ఆకుపచ్చ యనిన హెచ్చరిక లేదు. పసుపు యనిన కనిపెట్టి యుండుము. నారింజ యనిన సిద్ధపడుము. ఎఱుపు యనిన కార్యమునకు పూనుకొనుము. ఈ రంగులను నిర్ణయించుటలో రానున్న కీడు ఎంత పెద్దదియను ప్రశ్నతోపాటు, అది వచ్చు అవకాశ మెంతయను ప్రశ్నను కూడ చూతురు. కాబట్టి పసుపు రంగు చిన్న ప్రమాదమనియే కాదు. పెద్ద ప్రమాదమే యింకను దూరమున, సందేహముతో నున్నదని కూడ కావచ్చును.

మన మామిడిరైతునకు ఇది వట్టి పాఠము కాదు. 2010 మే 20న లైలా తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటినది. మే నెల యనగా కాయ చెట్టుమీద నుండు కాలము. పక్వము రాని కాయను భయపడి కోసినచో ధర పోవును. కోయక యుండి గాలి వచ్చినచో కాయ నేలపాలగును. ఈ రెండు నష్టముల నడుమ నిలిచి తీర్పు చేయవలసిన గృహస్థునకు గీత యొక్కటి చాలదు. ఆ గీతను ఎంతవఱకు నమ్మవచ్చునో తెలియవలయును. అతని యింట చదువుకొన్న బిడ్డ పటమును సరిగా చదివి వినిపించినచో, ఆ చదువునకు ఫలము దక్కినట్లే.

తరగతిలో చేయదగిన పని

ఇక మన విద్యార్థులు తమ చేతులతో చేయవలసిన అభ్యాస మొకటి తెలుపుచున్నాము. తమ వీధిలోని లేక పేటలోని నూతులకు పటము గీయుడు. నీటిమట్టము లోతును నాలుగు తరగతులుగా విభజించి, లేత నీలము మొదలు ముదురు నీలము వఱకు నాలుగు మెట్లు నియమించుకొనుడు. పెద్దవారిని వెంట నుంచుకొని, త్రాటికి రాయి కట్టి ఈ నెలలో స్వయముగా కొలిచిన నూతికి నిండుగా రంగు వేయుడు. ఇంటి యజమానుడు చెప్పగా వ్రాసికొన్న నూతికి అదే రంగును ఏటవాలు గీతలుగా వేయుడు. ఊహమాత్రమైన దానికి రంగు వేయక, వట్టి సున్న గీసి విడువుడు. ప్రతి నూతి ప్రక్కను కొలిచిన తేదీ వ్రాయుడు. పటము క్రింద గుఱుతుల పట్టికను తప్పక చేర్చుడు.

ఏటవాలు గీతలు వాడుమని చెప్పుటకు వేఱొక కారణము కూడ కలదు. ఎఱుపు, ఆకుపచ్చల భేదము తెలియనివారు లోకమున పలువురు కలరు. ఐరోపా సంతతి పురుషులలో సుమారు 12 మందికి ఒకరును, స్త్రీలలో సుమారు 200 మందికి ఒకరును అట్టివారని వైద్యులు లెక్కించిరి. మన తరగతిలోను అట్టి బాలుడుండవచ్చును. అతడు సోమరియని కోపపడుటకు ముందు ఉపాధ్యాయులు ఇది తలచుకొనవలయును. మఱియు రంగుల పటము నల్లసిరాతో అచ్చయినప్పుడు ఎఱుపును ఆకుపచ్చయు ఒకే బూడిదగా మాఱును. గీతలు మాత్రము గీతలుగానే నిలుచును. కాబట్టి ముఖ్యమైన సంగతిని రంగుతో మాత్రమే గాక మఱియొక గుఱుతుతో కూడ చెప్పుట క్షేమకరము.

ఈ పటములకు మార్కులు వేయునప్పుడు ఏ పటము నిండుగా, అందముగా నున్నదని మేము చూడము. తెలిసినదానిని తెలిసినట్లును, తెలియనిదానిని తెలియనట్లును చూపిన పటమేదని చూతుము. ఖాళీ సున్నకు మార్కులు తగ్గవు. ఊహించి నింపిన సున్నకు తగ్గును.

అపొస్తలుల కార్యములలో పౌలు నెక్కించుకొనిన యోడ పదునాలుగు రాత్రులు గాలికి కొట్టుకొనిపోయిన వృత్తాంతము మన పిల్లలందఱు ఎఱిగినదే. అర్ధరాత్రి చీకటిలో ఏదో భూమి దగ్గఱపడుచున్నదని నావికులు ఊహించిరి గాని, ఆ ఊహనే నమ్మి ఊరకుండలేదు. గుండు విడిచి కొలువగా ఇరువది బారల లోతు తేలెను. కొంచెము ముందుకు పోయి మరల కొలువగా పదునైదు బారలు తేలెను. అది యే దేశమో వారికి తెలియదు. తెలిసినది లోతు తగ్గుచున్నదని మాత్రమే. ఆ కొద్ది జ్ఞానమును పట్టుకొని నాలుగు లంగరులు దించి, తెల్లవాఱుటకై కనిపెట్టిరి. తెలియనిదానిని తెలిసినట్లు నటింపకయు, తెలిసిన కొంచెమును తృణీకరింపకయు నడచిన వివేకము వారిది.

విద్యార్థులారా, మీ పటములలో ఈ సంవత్సరము ఖాళీగా మిగిలిన సున్నలను చెఱిపివేయకుడు. వచ్చు సంవత్సరము మీ తరగతికి వచ్చువారు త్రాడును రాయిని పట్టుకొని మొదట పోవలసినది ఆ నూతుల యొద్దకే.